నీటి రంగు చెప్పే మాట

కొత్త రొయ్యల చెరువులో నాచును గుర్తించుట, అదుపు చేయుట



మన తీర గ్రామాలలో కొత్తగా రొయ్యల చెరువు తవ్వించిన ఇంట మొదటి నెల ఎలా గడుస్తుందో మనకందరికీ తెలుసు. పొలం మీద అప్పు తెచ్చి ఉంటారు, లేదా కొన్ని ఎకరాలు లీజుకు తీసుకొని ఉంటారు. గట్లు కట్టి, తూము పెట్టి, ఉప్పుటేటి నీరు లోనికి తోడుతారు. పది దినాలు గడిచేసరికి నీటికి రంగు వస్తుంది. ఆ రంగు మంచిదా, చెడ్డదా? పక్క చెరువు రైతు ఒక మాట అంటాడు. మందుల దుకాణంవారు మరొక మాట అంటారు. ఇంట్లో అందరికీ భయం పట్టుకుంటుంది. ఆ భయంలో ఒక డబ్బా మందు నీటిలో పడుతుంది. నాలుగవ నాడు తెల్లవారుజామున రొయ్యలు గట్టు అంచులకు చేరి నీటిపైకి తేలుతాయి.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఒక్కటే. నాచు తనంతట తాను రాదు. నీటిలో మిగిలిపోయిన ఎరువును, మేతను తిని పెరుగుతుంది. గనుక దానిని చంపే మందు వెదకడానికి ముందు, దానికి ఆహారం ఎక్కడనుండి అందుతున్నదో వెదకవలెను. ఒక్క రాత్రిలో నాచును చంపినవాడు, ఆ రాత్రే తన రొయ్యల ఊపిరిని కూడా ఆపినవాడవుతాడు. ఇది ఎట్లు జరుగుతుందో, దీనినుండి ఎట్లు తప్పించుకొనవలెనో వివరంగా చూద్దాము.

రొయ్యల సాగులో మన ప్రాంతం చాలా దెబ్బలు తిన్నది. 1990వ దశకం మొదట్లో టైగర్ రొయ్య లాభాలు చూసి చాలామంది ఇందులోనికి దిగారు. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి వచ్చి తీరమంతటా చెరువులు ఖాళీ అయ్యాయి. 2009లో ప్రభుత్వం వెనామీ రొయ్యకు అనుమతి ఇచ్చిన తరువాత సాగు మరల పుంజుకున్నది. వైరసు వ్యాధి పేరు వినగానే అందరం ఉలిక్కిపడతాము. అయితే వ్యాధి పేరు లేకుండా, కేవలం నీరు చెడిపోవుటవలన జరిగే నష్టం కూడా తక్కువేమీ కాదు. అటువంటి నష్టాన్ని చాలావరకు మన చేతులతోనే ఆపుకోవచ్చు.

నాచు అంటే ఏమిటి?

నాచు అనగానే మెట్లమీద జారే పచ్చని పాచి మన కళ్లముందు కదులుతుంది. చెరువులో ఉన్న నాచులో ఎక్కువ భాగం కంటికి కనబడనంత చిన్నది. ఒక్కొక్కటి ఒకే కణము. అవి కోట్ల సంఖ్యలో చేరినప్పుడు నీటికి రంగు వస్తుంది. రైతులు ప్లాంక్టన్ అని పిలిచేది ముఖ్యంగా దీనినే.

ఈ నాచువలన మూడు మేళ్లు ఉన్నాయి. మొదటిది, పగలు సూర్యకాంతిలో అది నీటిలోనికి ఆక్సిజన్ వదులుతుంది. రెండవది, రొయ్యల విసర్జన నుండి, కుళ్లిన మేతనుండి పుట్టే అమ్మోనియాను పీల్చుకుంటుంది. మూడవది, దానిని తిని పెరిగే సూక్ష్మ జీవులు రొయ్య పిల్లలకు మొదటి ఆహారమవుతాయి. పైగా రంగు నీరు చెరువు అడుగుకు నీడ పడుతుంది. గనుక రంగులేని చెరువులో పిల్లలను వదలడం తెలివైన పని కాదు.

మరి కీడు ఎక్కడ ఉన్నది? నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది గాని రాత్రి మనవలెనే ఊపిరి పీల్చుకుంటుంది. రాత్రంతా రొయ్యలు, నాచు, అడుగు బురదలోని సూక్ష్మక్రిములు అన్నీ అదే ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. నాచు మితంగా ఉంటే తెల్లవారేవరకు సరిపోతుంది. అది మితిమీరితే తెల్లవారుజామున కొరత వస్తుంది.

కొత్త నీటిలో ఇంత తొందర ఎందుకు?

పట్టణాలలో కొందరు ఇంట్లో గాజు తొట్టె పెట్టి, అందులో సముద్రపు చేపలను పెంచుతారు. అటువంటి తొట్టె కొత్తగా పెట్టినప్పుడు జరిగేది గమనిస్తే మన చెరువు సంగతి తేటగా అర్థమవుతుంది. మొదటి కొన్ని వారాలలో గాజు మీద, ఇసుక మీద గోధుమరంగు పొర కడుతుంది. దీనిని డయాటమ్ అంటారు. నీటిలోను ఇసుకలోను ఉన్న సిలికాను వాడుకొని అది తన పెంకు కట్టుకుంటుంది. తరువాత గాజుకు పచ్చని పొర వస్తుంది. మేత ఎక్కువ వేసేవారి తొట్టెలో పచ్చని వెంట్రుకల వంటి నాచు రాళ్లను కప్పుతుంది. కొన్నిసార్లు ఎర్రని జిగురు దుప్పటివలె మరొకటి పరచుకుంటుంది. చూపుకు నాచువలె ఉన్నా ఇది నిజానికి ఒక రకం బాక్టీరియా.

ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి రావడానికి కారణమున్నది. కొత్త నీటిలో మురికిని శుభ్రపరచే మంచి బాక్టీరియా ఇంకా స్థిరపడలేదు. అమ్మోనియాను నైట్రైటుగాను, నైట్రైటును నైట్రేటుగాను మార్చే ఈ బాక్టీరియా తొట్టెలో నిలదొక్కుకొనుటకు సుమారు నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు మిగులు ఆహారమంతా నాచు పాలవుతుంది. అనుభవం ఉన్నవారు దీపం వెలిగించే గంటలు తగ్గించి, మేత తగ్గించి, గాజు తుడిచి, కొంత నీరు మార్చి ఓపికతో ఉంటారు. తొందరపడి రాగి కలిసిన మందు వేసినవారి తొట్టెలో నత్తలు, రొయ్యలు ముందుగా చనిపోతాయి.

మన చెరువు కూడా అటువంటిదే. బ్లీచింగు వేసి నీటిని శుద్ధి చేసినప్పుడు మంచి చెడు అన్న తేడా లేకుండా అన్నీ చనిపోతాయి. అది విత్తు పడని దుక్కి వంటిది. ఏ విత్తనం ముందుగా పడితే అదే పెరుగుతుంది. మొదటి మూడు నాలుగు వారాలు రైతు కళ్లు తెరచుకొని ఉండవలెనని చెప్పేది అందుకే. అయితే తొట్టెలో దీపం మన చేతిలో ఉంటుంది, చెరువు మీద సూర్యుడు మన చేతిలో ఉండడు. గనుక మన చేతిలో మిగిలినవి మూడే: నీటి లోతు, ఎరువు, మేత.

రంగును చదువుట

గ్లాసు సీసాలో చెరువు నీరు ముంచి, ఎండకు ఎదురుగా పట్టుకొని చూడండి. ఒక్కొక్క రంగు ఒక్కొక్క కబురు చెబుతుంది.

1. బంగారు గోధుమరంగు: ఇది డయాటమ్ నాచు. రొయ్యల చెరువుకు ఇది చాలా మంచిది. హేచరీలలో రొయ్య పిల్లలకు మేతగా పెంచే కీటోసెరాస్, స్కెలిటోనిమా అనేవి ఈ జాతివే.

2. లేత ఆకుపచ్చ: ఇది పచ్చ నాచు. ఇదియు మంచిదే. చిక్కబడకుండా చూచుకొంటే చాలు.

3. ముదురు ఆకుపచ్చ, లేదా నీలం కలిసిన ఆకుపచ్చ: గాలి తోసే మూలలో రంగు పెయింటు ఒలికినట్లు మీగడ కట్టి, దుర్వాసన వస్తే అది నీలాకుపచ్చ నాచు. గాజు తొట్టెలో ఎర్రని జిగురు దుప్పటి పరచినదానికి ఇది బంధువు, ఇదికూడా బాక్టీరియా జాతిదే. ఇందులో కొన్ని రకాలు గాలిలోని నత్రజనిని సైతం వాడుకోగలవు. కొన్ని విష పదార్థములను వదలి రొయ్య పేగును దెబ్బతీస్తాయి. కొన్నిటివలన రొయ్య మాంసానికి మట్టి వాసన పడుతుంది. వేడి ఎక్కువై, నీటిలో ఉప్పదనం తగ్గి, మేత మిగిలే చెరువులలో ఇది త్వరగా పెరుగుతుంది.

4. ఎరుపు కలిసిన గోధుమరంగు: ఇది డైనోఫ్లాజెల్లేట్ అనే జాతి కావచ్చును. రాత్రి చీకటిలో నీరు కదిపితే మిణుకుమిణుకుమని మెరిస్తే అది ఈ జాతివలన కావచ్చు, లేక విబ్రియో అను బాక్టీరియా వలన కావచ్చు. రెండింటికీ చేయవలసినది వేరు. గనుక ఊహించి మందు వేయక, నీటిని మైక్రోస్కోపు క్రింద చూపించవలెను.

5. అడుగు కనబడేంత తేట నీరు: ఇది చూపుకు అందంగా ఉంటుంది గాని ప్రమాదమే. కాంతి అడుగుదాకా వెళ్లి అక్కడ పాచి చాపవలె అల్లుకుంటుంది. మధ్యాహ్నం ఆ చాప క్రింద గాలి బుడగలు చేరి, ముక్కలు ముక్కలుగా పైకి తేలుతుంది. తరువాత ఒక మూల చేరి కుళ్లుతుంది. దారాలవంటి నాచు కూడా ఇటువంటి తేట నీటిలోనే పెరిగి, రొయ్య పిల్లలు అందులో చిక్కుకుంటాయి.

6. నిన్నటివరకు పచ్చగా ఉండి ఈనాడు బూడిదరంగుకో, తేటకో మారిన నీరు: నురుగు కూడా కనబడితే నాచు ఒక్కసారిగా చచ్చినదని అర్థం. ఇది అన్నిటికంటె అత్యవసరమైన గుర్తు.

బురదను చూసి నాచు అని పొరపడేవారు ఉన్నారు. సీసాలోని నీటిని కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. బురద అడుగుకు దిగుతుంది. నీలాకుపచ్చ నాచు చాలావరకు పైకి తేలి పొరగా చేరుతుంది. మంచి పచ్చ నాచు నీరంతటా కలిసే ఉంటుంది. అలాగే ఒక కర్రను నాచులో తిప్పి పైకెత్తండి. తడిసిన జుట్టువలె కర్రకు వ్రేలాడితే అది దారపు నాచు. రంగు పూసినట్లు అంటుకొంటే అది నీలాకుపచ్చ మీగడ.

తెల్ల పళ్లెము

రంగు ఏదో తెలిసిన తరువాత, అది ఎంత చిక్కగా ఉన్నదో తెలియవలెను. దీనికి ఖరీదైన పరికరం అక్కరలేదు. ఇటలీ దేశస్థుడైన ఆంజెలో సెక్కి అను జెస్యూట్ గురువు గొప్ప ఖగోళ శాస్త్రజ్ఞుడు కూడా. ఆయన 1865లో ఓడమీద నుండి మధ్యధరా సముద్రంలోనికి తెల్లని పళ్లెమును దించి, ఎంత లోతులో అది కంటికి కనుమరుగవుతుందో కొలిచాడు. ఈనాటికీ ఆ పళ్లెమును ఆయన పేరుతోనే సెక్కి డిస్క్ అంటారు.

దీనిని ఇంట్లోనే చేసుకోవచ్చు. 20 సెంటీమీటర్ల వెడల్పుగల గుండ్రని రేకు తీసుకొని, నాలుగు భాగాలు చేసి, ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగు వేయండి. మధ్యలో కర్ర బిగించి, కర్రమీద సెంటీమీటర్ల గుర్తులు పెట్టండి. ఎండ బాగుగా ఉన్న వేళ, ప్రతిదినము ఒకే గంటకు, ఒకే చోట, ఒకే మనిషి కొలవవలెను. పళ్లెము 30 నుండి 40 సెంటీమీటర్ల లోతులో కనుమరుగైతే నాచు సరిగా ఉన్నట్లు. 25కు తక్కువైతే మితిమీరినట్లు. 50 దాటితే ఆహారం చాలక పలుచబడినట్లు.

ఒకనాటి కొలతకంటె వరుసగా కొన్ని దినాల కొలతలు ఎక్కువ చెబుతాయి. నిన్న 35, నేడు 32, రేపు 27 అని వస్తున్నదంటే, మేత తగ్గించే సమయం వచ్చినదన్నమాట. 20 వచ్చేవరకు ఆగనక్కరలేదు.

పగటి లెక్క, రాత్రి లెక్క

నాచు చిక్కగా ఉన్న చెరువులో మధ్యాహ్నం మూడు గంటలకు ఆక్సిజన్ కొలిస్తే 10 పి.పి.ఎం. దాటి ఉండవచ్చు. రైతు సంతోషిస్తాడు. అదే చెరువులో తెల్లవారుజామున కొలిస్తే 3కు పడిపోయి ఉండవచ్చు. రొయ్యకు ఎప్పుడూ 4 పి.పి.ఎం.కు తక్కువ కాకూడదు. గనుక ఆక్సిజన్ కొలవవలసిన వేళ మధ్యాహ్నం కాదు, కోడికూత వేళ.

పి.హెచ్. కూడా ఇట్లే ఉంటుంది. పగలు నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకొనుటవలన పి.హెచ్. పెరుగుతుంది, రాత్రి తగ్గుతుంది. ఉదయానికి, సాయంకాలానికి మధ్య తేడా 0.5కు మించకుండా ఉంటే మేలు. 7.5 నుండి 8.5 మధ్య ఉండుట మంచిది. సాయంకాలం 9 దాటుతున్నదంటే నాచు అతిగా ఉన్నదని అర్థం. దీనివలన మరొక కీడు ఉన్నది. నీటిలోని అమ్మోనియాలో ఒక భాగమే విషము. మన వేసవి వేడిలో పి.హెచ్. 8 ఉన్నప్పుడు ఆ విషభాగం పదవ వంతుకంటె తక్కువ. పి.హెచ్. 9 అయితే అది మూడవ వంతుకు మించుతుంది. అమ్మోనియా పెరగకపోయినా, దాని విషం అన్ని రెట్లు పెరిగిందన్నమాట.

ఈ ఊగిసలాటను నిలువరించేది నీటి ఆల్కలినిటీ. అది 100 పి.పి.ఎం.కు పైగా ఉన్న చెరువులో పి.హెచ్. ఇంతగా ఊగదు.

నీరు పెట్టకముందే చేయవలసినవి

నాచు అదుపు చెరువు ఎండబెట్టుటతోనే మొదలవుతుంది. పాత చెరువును తీసుకొన్నవారు అడుగు బీటలు వారేవరకు ఎండబెట్టి, నల్లని బురదను తీసివేయవలెను. ఆ బురదలో గత పంట మేత అంతా దాగి ఉన్నది. దానిని వదలివేసి నీరు పెట్టినవారు నాచుకు ముందే విందు సిద్ధపరచినట్లే. తీసిన బురదను గట్టుమీద పోయకండి, మొదటి వానకే తిరిగి చెరువులోనికి దిగుతుంది.

నేల పి.హెచ్. పరీక్షించి దానికి తగినంత సున్నము చల్లవలెను. నీటిని సన్నని వలసంచుల గుండా వడకట్టి తీసుకోవలెను. ఆ తరువాత బ్లీచింగు వేయు పద్ధతి మనవారికి తెలిసినదే. సాధారణంగా వాడే 60 పి.పి.ఎం. లెక్కన, ఒక మీటరు లోతుగల ఎకరం చెరువుకు సుమారు 240 కిలోల బ్లీచింగు పౌడరు అవుతుంది. నోరు విప్పి నిలవ ఉంచిన బస్తాలో బలము తగ్గిపోతుంది గనుక కొత్త బస్తాలే వాడండి. క్లోరిను పూర్తిగా పోయినదని పరీక్ష కిట్టుతో చూచిన తరువాతనే ఎరువు వేయండి, అంతకుముందు వేసినది వృథా.

మోకాటిలోతు నీరు పెట్టి వారాల తరబడి ఉంచకండి. అడుగున పాచి చాప అల్లుకొనుటకు అంతకంటె అనుకూలమైన స్థితి లేదు. నీరు కనీసం ఒక మీటరు, వీలైతే 1.2 మీటర్లు ఉండవలెను. తవుడు, బెల్లము, ఈస్టు పులియబెట్టి వడకట్టిన రసమును గాని, కొద్దికొద్దిగా ఎరువును గాని వేసి, రంగు వచ్చే తీరును చూస్తూ ముందుకు వెళ్లండి. ఒకేసారి కుమ్మరించకండి. వారం పది దినాలలో పళ్లెము 40 సెంటీమీటర్ల దగ్గర కనుమరుగయ్యే రంగు వస్తుంది. అప్పుడు పిల్లలను వదలవచ్చు. ఆ తరువాత ఎరువు ఆపవచ్చును. ఎందుకనగా ఇకమీదట మేతయే ఎరువు.

మేత బస్తాలో దాగిన యూరియా

ఈ మాట అందరు రైతులు, ముఖ్యంగా మేత వేసే పనివారు గుర్తుంచుకొనవలెను. 35 శాతం మాంసకృత్తులుగల 100 కిలోల మేతలో 35 కిలోల మాంసకృత్తులు ఉన్నవి. అందులో నత్రజని సుమారు 5.6 కిలోలు. రొయ్య తన శరీరంలో నిలుపుకొనేది దానిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే. మిగిలిన 4.2 కిలోలు విసర్జనగానో, తినని మేతగానో నీటిలో కలుస్తుంది. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. అంటే 100 కిలోల మేత వేసిన ప్రతిసారి మనం చెరువులో సుమారు 9 కిలోల యూరియా చల్లినట్లే. వరి చేనుకు ఎన్నిసార్లు, ఎంత యూరియా వేస్తామో మనకు తెలుసు. చెరువులో ప్రతి దినము వేస్తున్నామని తెలియదు.

గనుక నాచు చిక్కబడినప్పుడు మొదట చూడవలసినది మందుల దుకాణం కాదు, చెక్ ట్రే. ట్రేలో మేత మిగిలితే తరువాతి పూట తగ్గించండి. మబ్బు పట్టిన దినమున, వాన దినమున, రొయ్యలు కుబుసం విడిచే దినాలలో తగ్గించండి. పట్టికలో వ్రాసియున్నదని వేయకండి. పట్టిక మీ చెరువును చూచి వ్రాసినది కాదు.

చెడినప్పుడు ఏమి చేయవలెను?

నాచు చిక్కబడితే: రెండు మూడు దినాలు మేత బాగా తగ్గించండి. రిజర్వాయరు చెరువులో శుద్ధిచేసిన నీరు ఉంటే, పై నీటిని కొంత తీసివేసి దానిని పెట్టండి. రాత్రి ఏరియేటర్లు నిండుగా తిప్పండి. బెల్లపు పాకం గాని ప్రోబయోటిక్ గాని వాడదలచినవారు పగటివేళ, ఏరియేటర్లు తిరుగుతుండగా వాడవలెను. అందులోని సూక్ష్మజీవులు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. మేత తగ్గించకుండా ఇవి వేసినందువలన ప్రయోజనం లేదు.

నీలాకుపచ్చ మీగడ కట్టితే: గాలి తోసిన మూలలో సన్నని గుడ్డతోనో వలతోనో తోడి, చెరువుకు దూరంగా పారవేయండి. తోడిన ప్రతి బుట్టతో అందులోని ఎరువు కూడా బయటికి పోతుంది. మేత తగ్గించండి. ఉప్పదనం తగ్గిన చెరువుకు ఉప్పు నీరు అందుబాటులో ఉంటే, శుద్ధిచేసి కొద్దికొద్దిగా కలపండి.

అడుగు పాచి తేలితే: తేలిన దానిని కుళ్లకముందే, ఆ పూటే వలతో లాగివేయండి. నీటి లోతు పెంచండి. నీటికి రంగు తెప్పించండి. నీడ పడితే అడుగు పాచి తనంతట తాను తగ్గుతుంది.

పెద్ద వాన పడితే: వాన నీరు తేలిక గనుక ఉప్పు నీటిమీద పొరగా నిలుస్తుంది. ఆ పై నీటిని తూము ద్వారా వదలండి. ఏరియేటర్లతో కలపండి. ఉప్పదనం ఒక్కసారిగా పడిపోతే నాచు చనిపోతుంది గనుక, మరుసటి రెండు రాత్రులు మెలకువగా ఉండండి.

నాచు ఒక్కసారిగా చచ్చితే: మేత ఆపండి. అన్ని ఏరియేటర్లు రాత్రింబగళ్లు తిప్పండి. చచ్చిన నాచు కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్‌ను లాగివేస్తుంది, ఆక్సిజన్ ఇచ్చే నాచు మాత్రం లేకుండా పోయింది. కరెంటు పోతే జనరేటరు వెంటనే నడిచేలా ముందుగానే సరిచూచుకోండి. వ్యవసాయ సున్నము లేదా డోలమైటు కొద్దికొద్దిగా చల్లండి. నీరు మార్చగలిగితే మార్చండి. తరువాత మరల మొదటి దినాలవలె నిదానంగా రంగు తెప్పించండి.

మందు విషయమై రెండు హెచ్చరికలు

మొదటిది మైలుతుత్తము, అనగా కాపర్ సల్ఫేటు. ఇది నాచును చంపుతుందన్నది నిజమే. అయితే రాగి రొయ్యకు కూడా విషమే. ఆల్కలినిటీ తక్కువగల నీటిలో దాని విషం మరింత ఎక్కువ. రొయ్య దానిని తట్టుకొన్నా, చచ్చిన నాచు అంతా ఒకేసారి కుళ్లితే ఆ రాత్రి ఆక్సిజన్ ఎవరు ఇస్తారు? మందు పనిచేసినందువలననే పంట పోయే సందర్భము ఇది.

రెండవది సున్నము. అన్ని సున్నాలు ఒకటి కావు. వ్యవసాయ సున్నము, డోలమైటు నీటి ఆల్కలినిటీని నెమ్మదిగా పెంచుతాయి, పి.హెచ్.ను ప్రమాద స్థాయికి తీసుకొనిపోవు. కాల్చిన సున్నము ఎండిన నేలకు మంచిది. రొయ్యలున్న చెరువులో, నాచు చిక్కగా ఉన్న సాయంకాలం దానిని చల్లితే పి.హెచ్. అమాంతంగా పెరిగి, పైన చెప్పిన అమ్మోనియా విషం లేస్తుంది. బస్తా మీద ఏ సున్నమో చదివి, లేదా చదివించుకొని వాడండి.

ఏ మందు కొనబోయినా అమ్మేవారిని మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో ఏమున్నది? నా నీటిని పరీక్షించి చెబుతున్నారా? ఇది వేసిన రాత్రి నేనేమి చేయవలెను? మూడింటికీ జవాబు రాకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి. నీటిని పరీక్షించే ల్యాబులు మన ఆక్వా ప్రాంతాలలో ఉన్నవి. మత్స్యశాఖవారు, ఎంపెడావారు సలహా ఇస్తారు. చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలచరముల పరిశోధనా సంస్థ, అనగా సిబా, 1987 నుండి ఈ పనిమీదనే ఉన్నది.

పొరుగువాని నీరు

చెడిపోయిన పచ్చని నీటిని రాత్రికి రాత్రి కాలువలోనికి వదలుట సులభమే. అయితే క్రింది చెరువు రైతు తెల్లవారి అదే కాలువనుండి నీరు తోడుకుంటాడు. పక్కన వరి చేను ఉన్నది, మంచినీటి చెరువు ఉన్నది. మనం వదలిన నాచు, ఎరువు, ఉప్పు అక్కడికి చేరుతాయి. కొన్నాళ్లకు అదే నీరు మరల మన తూముకే వస్తుంది. గనుక నీటిని ఒక గుంటలో కొన్నాళ్లు నిలిపి, మురికి దిగిన తరువాత వదలవలెను. ఒకే కాలువమీద ఆధారపడిన రైతులు కలిసి మాట్లాడుకొని, ఎవరు ఏ దినము నీరు తీయవలెనో, ఏ దినము వదలవలెనో నిర్ణయించుకొంటే తగవులు ఉండవు, నష్టమూ తగ్గుతుంది.

ఒక నోటు పుస్తకము

చివరిగా మేము ప్రతి ఇంటికీ చేసే మనవి ఇది. పది రూపాయల నోటు పుస్తకం ఒకటి కొని చెరువు షెడ్డులో వ్రేలాడదీయండి. ప్రతి దినము ఆరు సంగతులు వ్రాయండి: నీటి రంగు, పళ్లెము లోతు, తెల్లవారుజామున ఆక్సిజన్, ఉదయ సాయంకాలాల పి.హెచ్., వేసిన మేత, ట్రేలో మిగిలిన మేత. ఆదివారమైనా పండుగైనా మానకండి. ఇంటి యజమాని చెరువు పనిలో ఉంటే ఇల్లాలు వ్రాయవచ్చు, బడికి వెళ్లే పిల్లలు వ్రాయవచ్చు. పళ్లెము దించడం పిల్లలకు ఇష్టమైన పనే, అయితే పెద్దవారు ప్రక్కనే ఉండవలెను. ఏరియేటర్ల కరెంటు తీగలున్న నీటిలోనికి ఎవరూ స్విచ్చి ఆపకుండా దిగకూడదు.

నెల గడిచేసరికి ఆ పుస్తకము మీ చెరువును గూర్చి ఏ దుకాణదారుడు చెప్పలేని సంగతులు మీకు చెబుతుంది. ఏ వాన తరువాత రంగు మారింది, మేత ఎంత పెంచినప్పుడు పళ్లెము లోతు తగ్గింది, ఏ రాత్రి ఆక్సిజన్ పడింది, అన్నీ అందులో ఉంటాయి. నాచు అకస్మాత్తుగా వచ్చిందని మనం అనుకుంటాము. పుస్తకం తిరగవేసి చూస్తే అది పది దినాల ముందే కబురు పంపినట్లు కనబడుతుంది. ఆ కబురు అందిన నాడే మేత బుట్టలో రెండు దోసిళ్లు తగ్గించినవారు, ఆ నెలంతా రాత్రులు కొంత నెమ్మదిగా నిద్రపోతారు.